మిరప ముడిచిందా? మందు కలిపే ముందు ఆకు తిప్పి చూడండి

పెరటి సాగు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా మిరప గురించే. ఒడిశా వైపు పర్లాకిమిడి, రాయగడ, బరంపురం నుంచి, మహారాష్ట్ర వైపు సిరోంచా, బల్లార్షా, కిన్వట్ నుంచి రాశారు. ఒకేలాంటి ప్రశ్నలను ఒక్కటిగా కలిపాం. జవాబులు ఇంటి అవసరానికి కుండీల్లో, పెరట్లో పెంచుకునే పది ఇరవై మొక్కల లెక్కలో ఉంటాయి. ఎకరాల సాగుకు ఇవే కొలతలు వాడకండి.

ప్రశ్న: డాబా మీద ఎనిమిది కుండీల్లో మిరప వేశాను. రెండు నెలలు బాగా కాసింది. ఇప్పుడు చిగుళ్లన్నీ ముడుచుకుపోతున్నాయి. పక్కింటావిడ వైరస్ అంటున్నారు, మందుల కొట్లో అబ్బాయి పురుగు అంటున్నాడు. వేప నూనె మూడుసార్లు కొట్టాను. ఆకులు మాడాయి గానీ ముడత పోలేదు. పీకేయమంటారా?
– ఒక గృహిణి, పర్లాకిమిడి

జవాబు: అప్పుడే పీకకండమ్మా. ముడత అంతా ఒకటి కాదు. ఎటువైపు ముడిచిందో ముందు చూడాలి.

ఆకు అంచులు పైకి లేచి దోనెలాగా అయితే అది పై ముడత. తామర పురుగుల పని. ఆకు అడుగున ఈనె పక్కన వెండి పూసినట్టు గీతలుంటాయి, తర్వాత అవి గోధుమ రంగుకు తిరుగుతాయి. చిగురు కింద తెల్ల కాగితం పట్టి వేలితో నాలుగు దెబ్బలు కొట్టండి. గడ్డి రంగులో, సూది మొనంత సన్నగా పురుగులు కాగితం మీద పరుగెడితే అవే.

ఆకు కిందికి వంగి తిరగేసిన దోనెలా ఉంటే కింది ముడత. ఇది తెల్లనల్లి వల్ల. ఆకు గిడసబారి, ముదురాకుపచ్చగా, ముట్టుకుంటే పెళుసుగా ఉంటుంది. తొడిమ మాత్రం ఎలుక తోకలా సాగుతుంది. నల్లి కంటికి కనబడదు. గడియారాలు బాగుచేసేవాళ్లు వాడే పది రెట్ల భూతద్దం ఉంటే ఆకు అడుగున గాజు పూసల్లాంటి చుక్కలు కదులుతూ కనిపిస్తాయి.

మూడోది ఆకుముడత వైరస్. రైతులు జెమిని అంటారు. దీన్ని తెల్లదోమ మోసుకొస్తుంది. ఆకులు చిన్నవైపోయి గుత్తిగా చేరతాయి, ఈనెలు లావెక్కుతాయి, కణుపుల మధ్య దూరం తగ్గి మొక్క గిటకబారుతుంది, పూత నిలవదు. మొక్కను కదిలిస్తే బియ్యప్పిండి చల్లినట్టు తెల్లదోమలు లేస్తాయి. ఈ ఒక్క రకానికే మందు లేదు. ఇదైతేనే పీకాలి. అదీ పొద్దున్నే, చల్లదనానికి దోమలు మందకొడిగా ఉన్నప్పుడు. ముందు మొక్క మీద పాలిథిన్ సంచి బోర్లించి, మూతి బిగించి, అప్పుడు లాగండి. సంచి లేకుండా లాగితే దోమలన్నీ పక్క కుండీకి చేరతాయి.

మీరు రాసిన వివరాల్లో రెండు నెలలు కాసిందన్నారు, ఇప్పుడు చిగుళ్లన్నీ ముడుచుకుపోతున్నాయన్నారు. దాన్నిబట్టి నల్లిగానీ తామర పురుగుగానీ అయ్యే అవకాశమే ఎక్కువ. ఈ రెండింటి నుంచీ మొక్క కోలుకుంటుంది. పాత ముడత విప్పుకోదు. కొత్తగా వచ్చే ఆకు సాఫీగా ఉందా లేదా అన్నదే చూడాలి, దానికి రెండు మూడు వారాలు పడుతుంది.

ఇక ఆకులు మాడటం గురించి. నూనె నీళ్లలో కలవదు కదా. తేలిన నూనె పొరలు పొరలుగా ఆకు మీద పడి ఎండకు కాలుస్తుంది. ముందు ఒక చిన్న గిన్నెలో అర గ్లాసు గోరువెచ్చని నీళ్లు తీసుకుని 2 మి.లీ. గిన్నెలు తోమే ద్రవ సబ్బు కరిగించండి. అందులో 5 మి.లీ. వేప నూనె పోసి, మూత ఉన్న సీసాలో పాలలా తెల్లబడేదాకా గిలక్కొట్టండి. తర్వాతే మిగతా నీళ్లు కలిపి లీటరు చెయ్యండి. ఐదు నిమిషాలు ఆగి చూసినప్పుడు పైన నూనె కళ్లు తేలితే ఇంకాస్త సబ్బు పట్టాలి. కలిపిన రోజే వాడేయాలి. సూర్యుడు దిగాక, ఆకు అడుగున తడిసేలా కొట్టాలి. పైన కొట్టి ఊరుకుంటే పురుగుకు ఒక్క చుక్కా తగలదు. మొదట రెండు ఆకులకు కొట్టి ఒక రోజు చూసి, మాడకపోతేనే మొక్కంతా కొట్టండి. గుడ్లకు ఈ మందు పెద్దగా పనిచేయదు కాబట్టి వారానికోసారి చొప్పున మూడు వారాలు కొట్టాలి.

కింది ముడత అని తేలితే నీళ్లలో కలిసే గంధకం పొడి లీటరుకు 3 గ్రాములు కొట్టండి. రెండు జాగ్రత్తలు: నూనె కొట్టిన 15 రోజుల లోపు గంధకం కొట్టకూడదు, ఎండ 35 డిగ్రీలు దాటే రోజుల్లోనూ కొట్టకూడదు. రెండు సందర్భాల్లోనూ ఆకు మాడుతుంది. పై ముడతకు వేప మందుతో పాటు కుండీ పై మట్టిని అంగుళం లోతున గుల్ల చేసి, ఎండుటాకులు పరచండి. తామర పురుగు రెక్కల పురుగుగా మారే ముందరి ప్యూపా దశ మట్టిలోనే గడుపుతుంది, అక్కడ దాన్ని కదిలిస్తే తర్వాతి తరం తగ్గుతుంది.

ఒక్కోసారి ఇవేవీ కాకుండా ఆకులు రిబ్బన్లలా సన్నగా సాగి మెలి తిరుగుతాయి. దగ్గర్లో వరి మడి ఉండి, అక్కడ 2,4-డి కలుపు మందు కొట్టారేమో కనుక్కోండి. దాని తుంపర గాలికి వచ్చి పడితే ఇలాగే అవుతుంది. ఏ పురుగు మందూ దానికి పనిచేయదు.

ప్రశ్న: పెరట్లో పచ్చగా ఉన్న మిరప మొక్క పొద్దున్న బాగుంటుంది, మధ్యాహ్నం వాలిపోతుంది, సాయంత్రం లేస్తుంది. నాలుగో రోజుకి ఇక లేవదు. ఆకు పచ్చగానే ఉంటుంది. నీళ్లు చాల్లేదేమోనని రెండు పూటలా పోశాను. వరసగా ఆరు చెట్లు పోయాయి. పోయినేడు అక్కడే వంకాయ వేశాను.
– ఒక ఉపాధ్యాయుడు, రాయగడ

జవాబు: వంకాయ వేసిన చోటే వేశారని మీరే రాశారు. అసలు కారణం చాలావరకు అక్కడే ఉంది. ఆకు పసుపు తిరగకుండా పచ్చగానే వాలితే అది బాక్టీరియా ఎండు తెగులు. ఒడియాలో ఝాఉంళా రోగం అంటారు. వంగ, టమాటా, మిరప, బంగాళాదుంప నాలుగూ ఒకే కుటుంబం, నాలుగింటికీ సోకుతుంది. మీ ప్రాంతపు ఎర్ర నేలల్లో పులుపు గుణం ఎక్కువ, వానాకాలం వేడీ తేమా తోడవుతాయి. ఈ రోగానికి అంతకంటే ఏం కావాలి.

ఖాయం చేసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. వాలిన మొక్క కాండాన్ని నేలకు దగ్గరగా రెండంగుళాల ముక్క కోయండి. గాజు గ్లాసులో నిండా తేట నీళ్లు పోసి, ముక్క కింది కొస నీళ్లలో మునిగేలా దారంతో వేలాడదీయండి. గ్లాసు కదపకండి. ఐదు నిమిషాల్లో కోసిన చోటు నుంచి పాల దారంలా తెల్లగా కిందికి జారుతూ వస్తుంది. ఆ దారమే బాక్టీరియా. అలా రాకపోతే శిలీంధ్రపు ఎండు తెగులు కావచ్చు. అందులో కింది ఆకులు ముందు పసుపు తిరుగుతాయి, కాండం చీలిస్తే లోపల గోధుమ రంగు గీత ఉంటుంది. మొదలు దగ్గర నల్లగా మెత్తబడితే వాన నీళ్లు నిలిచి వచ్చిన మొదలుకుళ్ళు.

దారం కనబడితే ఆ మొక్కకు వైద్యం లేదు. వేర్లూ, చుట్టూ జానెడు మట్టీ కలిపి తవ్వి తీసి కాల్చేయండి. ఆ మట్టి మరో మడిలో వేయకండి, ఆ బొరిగె సబ్బుతో కడగకుండా ఇంకో చెట్టు దగ్గర వాడకండి. రెండు పూటలా నీళ్లు పోయడం వల్ల రోగం వరస పొడుగునా పాకింది. ఈ బాక్టీరియా నీటితోనే నడుస్తుంది.

ఆ చోట కనీసం మూడేళ్లు మిరప, వంగ, టమాటా వేయకండి. రాగి, మొక్కజొన్న వేసుకోండి. మిరప తప్పదనుకుంటే కొత్త మట్టితో 12 అంగుళాల కుండీలో, నేలకు తగలకుండా ఇటుకల మీద పెట్టి పెంచండి. మట్టి పరీక్షకు మీ జిల్లా కృషి విజ్ఞాన కేంద్రానికి గుప్పెడు మట్టి ఇవ్వండి. పులుపు తేలితే వాళ్లు చెప్పిన మోతాదులో సున్నం, నాటడానికి నెల ముందు కలపాలి. ఈ తెగులును తట్టుకునే రకాలూ ఉన్నాయి. కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి ఉజ్వల, అనుగ్రహ అలాంటివే. విత్తనం దొరికితే వదలకండి.

కొత్త కుండీలకు ఎరువు ఇలా తయారు చేసుకోండి. బాగా మాగిన పశువుల ఎరువు 10 కిలోలు, వేపపిండి 1 కిలో, ట్రైకోడెర్మా (మేలు చేసే శిలీంధ్రం) పొడి 200 గ్రాములు కలిపి, పిండితే నీరు కారనంత తడి చేసి, నీడలో గోనెపట్టా కప్పి 15 రోజులు ఉంచండి. మధ్యలో ఒకసారి తిరగేయండి. తెల్లగా, ఆ తర్వాత పచ్చగా బూజు పాకితే తయారైనట్టు. కుండీకి రెండు గుప్పెళ్లు చాలు. ఇది శిలీంధ్రపు కుళ్ళును, నారుకుళ్ళును ఆపుతుంది. బాక్టీరియా ఎండు తెగులుకు మాత్రం దీన్ని నమ్ముకోవద్దు.

ప్రశ్న: మా ఇంట్లో పత్తికి కొట్టిన మందు సీసాలు సగం సగం మిగిలాయి. పెరటి మిరపకు కొంచెం కలిపి కొడితే పోదా? పోయినసారి అలా కొడితే పది రోజులు పురుగు లేదు, తర్వాత ముందుకంటే ఎక్కువైంది.
– కిన్వట్ నుంచి ఒక రైతు

జవాబు: వద్దండి. గట్టిగానే చెబుతున్నాం. 2017లో మీ పొరుగు యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ విషం సోకి ఎందరో చనిపోయారు. అదే మందు ఇంట్లో పిల్లలు కోసుకు తినే కాయ మీద కొట్టడం ఎంత ప్రమాదమో చూడండి. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడటం మన దేశంలో నిషేధం, సీసా మీదే రాసి ఉంటుంది. మొన మీద నిలబెట్టిన చదరం గుర్తులో కింది సగం ఎరుపుగానీ పసుపుగానీ ఉన్న సీసా పెరటి మొక్క దగ్గరికి రాకూడదు. మిగిలిన మందును కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి ఉంచడం అంతకన్నా ప్రమాదం.

తర్వాత ఎక్కువైంది అన్నారే, దానికి కారణముంది. సైపర్‌మెత్రిన్ లాంటి సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు నల్లిని సరిగా చంపవు, నల్లిని తినే పురుగులను మాత్రం తుడిచిపెడతాయి. తినేవాళ్లు లేకపోతే నల్లి, తామర పురుగు రెట్టింపు వేగంతో పెరుగుతాయి.

మీకు వేప గింజల కషాయం చాలు. వానాకాలం మొదట్లో చెట్ల కింద రాలిన పళ్లు ఏరి, పై గుజ్జు కడిగి, నీడలో ఆరబెట్టి దాచుకోండి. పప్పు తీసి దంచిన పొడి 50 గ్రాములు పల్చని గుడ్డలో మూట కట్టి లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టండి. పొద్దున మూట పది పదిహేనుసార్లు పిండి, వడకట్టి, చిటికెడు సబ్బు పొడి కలిపి సాయంత్రం కొట్టండి. గింజలు లేకపోతే మందుల కొట్లో (మీ వైపు కృషి కేంద్రం అంటారు) నింబోళీ అర్క్ అని అడగండి. సీసా మీద పి.పి.ఎం. అని మందు గాఢత అంకె ఉంటుంది. 1500 పి.పి.ఎం. రకమైతే లీటరుకు 5 మి.లీ., 10,000 పి.పి.ఎం. అయితే 1 నుంచి 2 మి.లీ. అంకె చూడకుండా కొలవడంతోనే చాలామంది మొక్కలు మాడుతున్నాయి.

మరాఠీ లేబుళ్లు చదవడం కష్టమని ఇంకో పాఠకుడు రాశారు. ఫూల్‌కిడే అంటే తామర పురుగు, కోళీ అంటే నల్లి, పాంఢరీ మాశీ తెల్లదోమ, మావా పేనుబంక, చురడా-ముర్డా అంటే ఆకుముడత.

ప్రశ్న: పూత విపరీతంగా వస్తుంది, ఒక్క పిందె నిలవదు. పువ్వు లోపల నల్లటి సన్న పురుగులున్నాయి. మా ఊరి చుట్టూ మిరప చేలే. ఇంకో సంగతి, రెండు చెట్లకు ఆకు మీద పచ్చా పసుపూ మరకలు వచ్చాయి.
– సిరోంచా నుంచి ఒక పాఠకుడు

జవాబు: నల్ల తామర పురుగు. 2021లో తెలుగు రాష్ట్రాల మిరప చేలను ఊడ్చేసింది ఇదే. మామూలు తామర పురుగు ఆకును పట్టుకుంటే ఇది పువ్వులో దూరి కూర్చుంటుంది, అందుకే ఆకుల మీద కొట్టిన మందు దానికి అందదు. చేల నుంచి మీ పెరట్లోకి వస్తూనే ఉంటుంది కాబట్టి పూర్తిగా పోగొట్టడం కుదరదు, తగ్గించుకోవడమే. నీలం రంగు ప్లాస్టిక్ రేకులకు రెండు వైపులా ఆముదం పూసి మొక్క చివర ఎత్తున, నాలుగైదు మొక్కలకు ఒకటి చొప్పున కట్టండి. దుమ్ము పట్టగానే తుడిచి మళ్లీ పూయండి. పసుపు రేకు తెల్లదోమకు, నీలం తామర పురుగుకు. రాలిన పువ్వులు రోజూ ఏరి సబ్బు నీళ్లలో వేయండి. వేప కషాయం పువ్వుల్లోకి దిగేలా, తేనెటీగలు వెళ్లాక, చీకటి పడే వేళ కొట్టండి. యూరియా ఆపేయండి. లేత పచ్చదనం ఎంత పెరిగితే ఈ పురుగు అంత చేరుతుంది.

పచ్చా పసుపూ మరకలు మొజాయిక్ వైరస్‌లా ఉన్నాయి. కొన్ని రకాలను పేనుబంక తెస్తుంది. ఒక రకం మాత్రం పొగాకు నుంచి చేతుల ద్వారా అంటుతుంది. మీ వైపు పొగాకు కలిపిన ఖర్రా నమిలే అలవాటు ఎక్కువ. ఖర్రా నలిపిన చేత్తో చిగురు తుంచితే సరిపోతుంది. మొక్కను తాకే ముందు సబ్బుతో చేతులు కడగమని ఇంట్లో అందరికీ చెప్పండి. పురుగులకు పొగాకు కషాయం కొట్టే అలవాటుంటే మిరప మీద మానేయండి. నికోటిన్ మనిషికీ విషమే. మరకలున్న రెండు చెట్లూ తీసేయండి. మంచి మొక్కలకు నీళ్లు పోసిన తర్వాతే, చివరగా ఆ మరక చెట్లను ముట్టుకోండి.

ప్రశ్న: ఎండాకాలంలో పూత రాలిపోతోంది, ఆకుల కింద సాలెగూడులా ఉంది. బలానికి ఏ మందు కొట్టాలి?
– బల్లార్షా

జవాబు: బలం మందు అక్కర్లేదు. చంద్రపూర్ జిల్లా ఎండకు ఏ మిరపైనా పూత నిలుపుకోదు. పగలు 35 డిగ్రీలు దాటితే పుప్పొడి పనిచేయదు, పువ్వు రాలుతుంది. పూత రాలకుండా ప్లానోఫిక్స్ అనే హార్మోన్ మందు 4.5 లీటర్ల నీళ్లకు 1 మి.లీ. చొప్పున కొట్టమంటారు, చలికాలపు పూతకు అది కొంత మేలు చేస్తుంది గానీ మే నెలలో దానికి డబ్బు పెట్టకండి. 50 శాతం నీడనిచ్చే పచ్చ వల పడమటి వైపు కట్టండి, కుండీని పెద్ద కుండీలో పెట్టి మధ్యలో తడి ఇసుక పోయండి, తెల్లవారుజామునే నీళ్లు పెట్టండి. మొక్క మరీ నీరసించి ఉంటే అడుగు ఎత్తుకు కత్తిరించి నీడలో ఉంచండి. జూన్ వానలకు చిగురు వేస్తుంది. ఆగస్టులో నాటిన మొక్క దసరా దాటాక కాపుకొచ్చి సంక్రాంతి తర్వాత కూడా కాస్తుంది. మీ ఊరికి అదే అసలు కాలం.

సాలెగూడు ఎర్రనల్లిది. పొడి వేడికి, బొగ్గు ధూళికి అది బాగా పెరుగుతుంది. ధూళి ఉన్న ఆకు మీద దాన్ని తినే పురుగులు తిరగలేవు. వారానికి రెండుసార్లు తెల్లారే వేళ పైపుతో ఆకుల అడుగున గట్టిగా నీళ్లు కొట్టి కడగండి. గంధకం ఈ ఎండలో వద్దు.

ప్రశ్న: వానలకు పండిన కాయల మీద గుండ్రటి గుంట మచ్చలు పడుతున్నాయి. కొమ్మలు చివర నుంచి ఎండుతున్నాయి. విత్తనం మా ఇంటిదే.
– బరంపురం

జవాబు: కాయకుళ్ళు, కొమ్మ ఎండు తెగులు రెండూ ఒకే శిలీంధ్రం. మచ్చలో వలయాలు, వాటిలో నల్ల చుక్కలు కనబడతాయి. తెగులు తగిలిన కాయ నుంచి తీసిన విత్తనంతో ఏటా అది మళ్లీ మీ ఇంటికే వస్తోంది. ఎండిన కొమ్మను పచ్చి భాగం రెండంగుళాలు కలిపి కోయండి, కత్తెర ప్రతిసారీ స్పిరిట్‌తో తుడవండి. మచ్చ కాయలన్నీ కోసి పెరటి బయట పూడ్చండి. కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు, వాన తెరిపిచ్చిన రోజు, పది రోజుల తేడాతో రెండుసార్లు కొట్టండి. లేబుల్ మీద చెప్పినన్ని రోజులు ఆగాకే కాయ కోయాలి. ట్రైకోడెర్మా వేసిన కుండీకైతే 15 రోజుల ఎడం ఉంచండి, లేకపోతే రాగి మందు దాన్నీ చంపుతుంది. నీళ్లు మొక్క మొదలు దగ్గరే పోయండి, కాయల మీద చిందకూడదు.

విత్తనానికి ఒక్క మచ్చ కూడా లేని చెట్టు నుంచి, నడిమి కాపులో పండిన కాయలే ఎంచండి. ఇంకా అనుమానముంటే థర్మామీటరు పెట్టి 52 డిగ్రీల నీళ్లలో గింజలు 30 నిమిషాలు ఉంచి, వెంటనే చల్లటి నీళ్లలో వేసి నీడలో ఆరబెట్టండి. 55 దాటితే మొలక చస్తుంది, అందుకని థర్మామీటరు లేకుండా ఈ పని చేయవద్దు. నారు పోసిన కుండీ మీద 40 మెష్ (అంగుళానికి 40 కన్నాల) నైలాన్ వల కప్పితే 35–40 రోజుల పాటు తెల్లదోమ సోకదు.

ప్రశ్న: మిరప కాయ అడుగున నల్లటి పొడి మచ్చ. కోడిగుడ్డు పెంకులు వేస్తున్నాను. చీమలు కూడా ఎక్కుతున్నాయి.
– పర్లాకిమిడి

జవాబు: ఇది తెగులు కాదు. కుండీ ఒకరోజు ఎండి, ఒకరోజు మునిగితే కాల్షియం కాయ కొసదాకా అందదు. గుడ్డు పెంకు కరగడానికి నెలలు పడుతుంది. వేలు రెండు కణుపుల లోతు మట్టిలో పెట్టి, పొడిగా తగిలితేనే నీళ్లు పోయండి. రోజు తప్పకుండా చూస్తే తర్వాతి కాయలు బాగుంటాయి.

చీమలు పేనుబంక కోసం వస్తున్నాయి, అది విసర్జించే తీపి రసం వాటికి తిండి. లీటరుకు 5 మి.లీ. సబ్బు ద్రవంతో బంకను కడిగి, అరగంట తర్వాత మంచి నీళ్లు చల్లండి. కుండీని నీళ్ల పళ్లెంలో ఇటుక మీద పెడితే చీమలు ఎక్కలేవు. అక్కడే నారింజ చుక్కలతో, మొసలి ఆకారంలో నల్లగా పాకే చిన్న పురుగులు కనబడితే చంపకండి, అవి అక్షింతల పురుగు పిల్లలు. రోజుకు పదుల కొద్దీ బంకను తింటాయి.